పొయ్యికొక మేర

రోగము నిచ్చుటయు, దానిని మాన్పుటయు, మాననప్పుడు రోగి ప్రక్కన ఒక మనిషిని కూర్చుండబెట్టుటయు ఎవని చేతిలో నున్నవో ఆ దేవదేవునకు మ్రొక్కి, వ్యయ నామ సంవత్సర మార్గశిర శుద్ధ సప్తమి నాడు, పావగడ తాలూకాలోని ఈ పల్లెలో, నా యింటి పంచలో కూర్చుండి ఈ సంగతి వ్రాయ మొదలుపెట్టితిని.

బయట కళ్లములు సాగుచున్నవి. రాగి వెన్నులపై రాతిగుండు దొర్లు చప్పుడు తెల్లవారినది మొదలు వినవచ్చుచున్నది. ఇంక కొలది దినములలో వైద్యుని మేర కొలుచుదురు. మేర యనగా పంట వచ్చినప్పుడు కళ్లము నుండి తీసి యిచ్చు భాగము. ఆ మాట వినబడినప్పుడెల్ల నాకు ఒక గిన్నె జ్ఞప్తికి వచ్చును.

ఇరువది రెండేండ్ల క్రిందట, రక్తాక్షి సంవత్సరమున, నేను నా భార్యతో అనంతపురపు సీమ నుండి ఈ యూరికి పిల్లలకు తెలుగు చెప్పుటకు వచ్చితిని. అప్పటికి నాకు నలుబదేండ్లు. మాకు సంతానము లేదు. చదువుకొను పిల్లల తండ్రులు ఏటికింత ధాన్యము నిచ్చునట్లును, ఒక చిన్న యిల్లు చూపునట్లును ఒడంబడిక. ఎంత చిక్కు పద్యమునకైనను అన్వయము చెప్పగలనను గర్వము తప్ప మాకు వేరు ఆస్తి లేదు.

పావగడలో కొండ క్రింద సర్కారు ఆసుపత్రి కలదు. మందు ఊరక యిత్తురు. అయినను రోగిని అచ్చటికి చేర్చుటకు బండి కావలయును, ఎద్దులు కావలయును, తోలువాడు కావలయును, చేరిన పిమ్మట ప్రక్కన కూర్చుండి గంజి పోయుటకు ఒక మనిషి కావలయును. సేద్యపు దినములలో ఈ నాలుగును ఒక్కసారి దొరకుట అరుదు. అందువలన ఈ యూరివారు తాతల నాటి నుండి ఒక ఏర్పాటు చేసికొనియుండిరి.

ఊరిలో ఒక వృద్ధ వైద్యుడుండెను. ఆయనయు రైతే. కషాయములు కాచును, పసరు వేయును, విరిగిన యెముకను కట్టును. రోగము వచ్చినప్పుడు ఏమియు పుచ్చుకొనడు. కళ్లముల కాలమున మాత్రము పొయ్యికి రెండు సేర్ల రాగులు కొలిపించుకొని తన యింటిలోని గరిసెలో పోయును. ఆ గరిసె ఆయనది కాదు, ఊరిది. రోగము తన చేయి దాటినదని తోచినప్పుడు ఆ గింజలతోనే బండి కట్టించి పావగడకు పంపును. పొయ్యి చుట్టు పండ్రెండుగురున్నను, ఒక్కరే యున్నను రెండు సేర్లే. కాలము దాటిన తరువాత ఎంత కొలిచెదమన్నను ఒప్పుకొనడు. జ్వరము వచ్చువరకు ఊరకుండి, వచ్చిన పిమ్మట కొలుచువారే అందరునైనచో గరిసె నిండుటెట్లని ఆయన వాదము. అది న్యాయమే.

కళ్లము లేనివారు కళ్లమున్న వారి పొయ్యిలో చేరవలెను. తమ పొయ్యి నుండి ఒక నిప్పుకణిక తెచ్చి వారి పొయ్యిలో వేసి, తమది చల్లార్చి, వారి సంగటి ఒక ముద్ద వైద్యుని యెదుట తినవలెను. అంతటితో వారు ఆ యింటి లెక్కలోనివారు.

ఆ యేడు మేర కొలుచుటకు వైద్యుడు మా వీధికి వచ్చినప్పుడు జరిగిన వేడుక నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. తమ్ముని కోడలి పొయ్యిలో చేరిన యొక ముసలమ్మను ఆయన ఆట పట్టించెను.

"ఏమవ్వా, పొయ్యి ఆర్పినావంటివి, నిన్న నీ కప్పు మీద పొగ లేస్తా ఉన్నింది?"

"అది పొయ్యి పొగ కాదప్పా, దోమలకు ఏసుకొన్యా."

"దోమలకు తాళింపు వాసన యాడ నుంచి వచ్చినాది?"

"ఏం చేసేదిరా! మా తమ్ముని కోడలు నూరే ఊరిబిండి కారం దినామూ తింటే నీ గరిసెలో మందంతా నా ఒక్కదానికే కావాల."

వీధివీధియంతయు నవ్వెను. ఆ కోడలును నవ్వెను. వైద్యుడు సేరు మానమును చంకనిడికొని మా గడప యొద్దకు వచ్చెను. నేను అప్పటికే నాలుగు సేర్ల రాగులు చేటలో పోసి సిద్ధముగా నుంచితిని.

"ఈ గింజలు యాడివి సామీ?" అని అడిగెను.

"పిల్లల తండ్రులు ఇచ్చినవి. రెండుకు నాలుగు ఇస్తున్నాను, తీసుకో."

"అంటే వాళ్ల కళ్లంలోవే. వాటికి మేర కొలిచేసినారు. మీకు కళ్లం లేదు. రేపు యింగో ఊరోళ్లు పిలిస్తే మీరు ఆడికి పోతారు. యాదో ఒక పొయ్యిలో చేరండి సామీ."

"మందుకు ధాన్యం ఇస్తున్నాను కదా. పొయ్యితో పనేమి?"

"మందుకు ఎవురు కొలుస్తాండారు? ఆకు చెట్టుది, నీళ్లు బాయివి. పడుకొన్న మనిషికి గంజి కాచేదెవురు? బండెనక నడిచేదెవురు? ఆ పొయ్యోళ్లు. ఆ మాట ఇచ్చిపుచ్చుకొనేదానికే ఈ కొలత."

మా గోడ కవతలి యింటి రైతు భార్య అక్కడనే నిలిచి వినుచుండెను. ఆమె యింటిలో పదిమంది. ఆమె అనెను: "మా పొయ్యిలోకి రాండి అయివారూ. పదిమందికి కెలికే సంగటి, ఇంగో రెండు ముద్దలైతే నా చేయేం ఇరిగిపోదు."

"మేము అట్లా తినగూడదమ్మా" అంటిని.

"తింటే నోట్లో పద్యాలు పోతాయా ఏంది?"

మరల అందరు నవ్విరి. నేను నవ్వలేదు. నా భార్య గడప లోపల నిలిచి నా ముఖమునే చూచుచుండెను. వైద్యుడు మానమును సర్దుకొని ముందుకు సాగెను. నా నాలుగు సేర్లు చేటలోనే మిగిలెను.

వారందరును వెడలిన పిదప నా భార్య మెల్లగా అడిగెను. "ఊరంతా ఒకటిగా ఉన్నచోట మనమొక్కరమే పక్కన నిలబడితే ఎట్లండీ? నాకు ఏమైనా అయితే మీరొక్కరే ఏం చేయగలరు?"

నేను ఆచారమును గూర్చి ఒక శ్లోకము చదివి అర్థము చెప్పితిని.

మరుసటి యేడు, క్రోధన సంవత్సర ఆషాఢమున, మంచి వాన పడెను. ఊరు ఊరంతయు శెనగకాయ విత్తుటకు పొలములకు వెళ్లెను. ఆ వారముననే నా భార్యకు చలిజ్వరము పట్టెను. రెండు దినములు తగ్గుచు హెచ్చుచు నుండెను. మూడవ దినమున ఆమె లేచి కూర్చుండలేకపోయెను. నేను గంజి కాచితిని. తడి కట్టెలు. ఇల్లంతయు పొగ నిండెను. గంజి అడుగంటెను. ఆమె ఒక గుక్క పుచ్చుకొని, నన్ను నొప్పింపరాదని కాబోలు, "ఆకలి లేదండీ" అనెను.

వైద్యుని యొద్దకు పోతిని. ఆయన పొలము నుండి వచ్చి నాడి చూచి మాత్ర యిచ్చెను. "మందు ఇస్తా సామీ, అది నా చేతిది. పెద్దాసుపత్రికి పోవల్ల. బండి ఊరిది, అది నా చేతిలో లేదు" అని తల వంచుకొని చెప్పెను. ఆయన కంఠమున కోపము లేదు. ఉన్నచో నాకు కొంత సులువుగా నుండెడిది.

నాలుగవ దినమున ఆమె మాట తడబడసాగెను. ప్రక్క యూరగు బలసముద్రమున నాకు తెలిసిన యొకరికి బండి కలదు. ఆమెను ఒంటరిగా విడిచిపోవలెనా, బండి లేక ప్రక్కననే కూర్చుండవలెనా యని చాలసేపు తోచలేదు. చివరకు చెంబుతో నీరు ఆమె చేతి కందునట్లుంచి, తలుపు దగ్గరగా వేసి బయలుదేరితిని. అచ్చటను బండ్లన్నియు చేలలోనే యుండెను. ఎద్దులను విప్పువరకు గట్టు మీద కూర్చుంటిని. నా చిన్ననాటి నుండి నేర్చినదంతయు నాలో నున్నది. ఆ గట్టు మీద దానిలో ఒక్క ముక్కయు నోటికి రాలేదు.

ప్రొద్దు వాలిన తరువాత బండితో మా వాకిట దిగితిని. తలుపు తెరిచియుండెను. గోడ కవతలి యింటి యామె నా భార్య తలను తన యొడిలో నిడుకొని కూర్చుండి యుండెను. విత్తనములు వేయుచు మధ్యలో లేచి వచ్చినది. ఆమె చేతులకు, చీరకొంగునకు ఎర్రమన్ను ఎండి యంటుకొని యుండెను. ప్రక్కన ఒక కంచుగిన్నె, అడుగున ఇంత గంజి.

"తాగింది అయివారూ. రెండు గిన్నెలు తాగింది. ఒళ్లు సెమట పట్టింది, మాట నిలకడగా ఉండాది. ఇంగ నన్ను తిట్టండి" అనెను.

నా భార్య కన్నులు తెరిచి నన్ను చూచి గుర్తుపట్టెను. నేను నిజము వ్రాయుటకు కూర్చుంటిని గనుక వ్రాయుచున్నాను. ఆమె బ్రతికినదను సంతోషమునకు ముందు నా కన్నులకు ఆ గిన్నె కనిపించెను.

మరునాడు ఆ బండి మీదనే పావగడకు తీసికొనిపోతిని. గోడ కవతలి యామె పిలువకయే బండి వెనుక నడిచెను. ఆరు దినములు అచ్చట మా కొరకు నిలిచెను. విత్తు అదను పోవుచుండినను ఆ యింటివారెవ్వరును ఒక మాట యనలేదు. నా భార్య కోలుకొనెను.

ఇంటికి వచ్చి వారము గడిచిన పిదప ప్రాయశ్చిత్తము చేసికొమ్మని చెప్పితిని. ఆపదలో జరిగినదానికి శాస్త్రము సులభమైన మార్గమే చూపినదని కూడ చెప్పితిని.

"చేసుకోనండీ" అనెను.

"ఎందుకు?"

"చేసుకుంటే ఆ గంజి తప్పని ఒప్పుకున్నట్లే కదా. ఆ అమ్మ గోడ అవతలే ఉంది. వినదా?"

నా జీవితములో ఎందరతోనో వాదించి గెలిచితిని. ఆ వాదము ఆమెయే గెలిచెను. అయినను ఆ దినము మొదలు ఆమె చేతి వంట ముట్టలేదు. నా వంట నేనే చేసికొంటిని. ఆ మార్గశిరమున, మేర కొలుచునాడు, ఆమె పెంకు ముక్కలో నిప్పుకణిక నుంచుకొని, గాలికి ఆరిపోకుండ కొంగు అడ్డము పెట్టుకొని, గోడ చుట్టు నడిచి ఆ యింటి పొయ్యిలో వేసెను. వైద్యుని యెదుట ఒక ముద్ద తినెను. వీధిలో ఎవరో, "అయివారమ్మ నిప్పు తీసుకొనిపోయింది, అయివారికి పొగ మిగిలిచ్చింది" అనిరి. ఆ మాట ఆ యూరిలో చాల యేండ్లు నిలిచెను.

ఆమె నన్ను విడిచిపోలేదు. ఇల్లు ఊడ్చును, నా ధోవతులు ఉతుకును, నేను ప్రక్కవారికి పురాణము చెప్పునప్పుడు వెనుక కూర్చుండి వినును. వంట వేళకు మాత్రము గోడ కవతలికి పోవును. అచ్చట పదిమందితో కలిసి కెలికి, కలిసి తినును. నేను ఒక్కడను విస్తరి ముందు కూర్చుండగా గోడ మీదుగా ఆమె నవ్వు వినబడుచుండెను. నా యింటిలో ఆమె అట్లు నవ్వగా నేనెన్నడును వినలేదు. తిరిగి వచ్చునప్పుడు ఆమె చీరకు వారి పొగ వాసన యుండెడిది.

పదేండ్లు ఇట్లు గడిచెను. యువ సంవత్సర కార్తికమున ఆమెకు మరల జబ్బు చేసెను. ఈసారి అది మానునది కాదు. ఆ పొయ్యివారు వంతులు వేసికొని పగలును రాత్రియు కూర్చుండిరి. గరిసె గింజలతో బండి రెండుసార్లు పావగడకు పోయి వచ్చెను. ఎవరు నీరు కాచవలెనో, ఎవరు కాళ్లు పట్టవలెనో వారికి తెలియును. నేను అరుగు మీద కూర్చుంటిని. నాకు చేయుటకు పని లేకపోయెను. ఆమె చివరి గుక్క గంజి ఆ కంచుగిన్నెతోనే త్రాగెను.

నెల గడిచిన పిదప గోడ కవతలి యామె వచ్చి, "ఇప్పుడన్నా రాండి అయివారూ. మీ కోసం కాదు, ఆ యమ్మ కూర్చొనే పీట ఊరికే ఉండాది" అని పిలిచెను. "చూద్దాంలే అమ్మా" అంటిని. ఆమె ఏటేటా అడిగెను. నేను ఏటేటా అదే మాట చెప్పితిని. స్వభాను సంవత్సరమున ఆమెయు పోయెను. అంతకు కొంత ముందుగా వృద్ధ వైద్యుడును పోయెను.

యుద్ధకాలమున సర్కారు లెవీకి ధాన్యము కొలువవలసి వచ్చి, ఏ యింటివారును మరియొక నోటిని తమ పొయ్యిలో చేర్చుకొనలేకపోయిరి. నిప్పు తెచ్చు ఆచారము ఆగిపోయెను. ఇప్పుడు వైద్యుని కుమారుడు మేర కొలిపించుకొనుచున్నాడు. కళ్లము అడుగడు, పొయ్యి అడుగడు. రెండు సేర్లు ఎవరు కొలిచినను వారి పేర ఒక చీటి వ్రాసి యిచ్చును. నిన్న మా యింటికి వచ్చి, "అయివారూ, మీరూ కొలవచ్చు, ఇబ్బంది లేదు" అని చెప్పిపోయెను. ఇరువది రెండేండ్ల క్రిందట నేను వాదించి అడిగినది ఇదియే. ఊరు ఇప్పటికి నా మాట ఒప్పుకొన్నది.

ఇంతవరకు వ్రాసి నిలిపితిని. పిమ్మట జరిగినది: మార్గశిర బహుళ తదియ నాడు రెండు సేర్ల రాగులు కొలిచి చీటి పుచ్చుకొంటిని. పుష్య బహుళ చవితి నాడు నాకు జ్వరము వచ్చెను. వైద్యుని కుమారుడు చీటి చూచి, మందు ఇచ్చి పోయెను. గంజి నేనే కాచుకొంటిని.