‘చాల’ అన్న ముసలమ్మ

పోయిన నెల మోకాళ్ళు చూపించుకోవడానికి రాయగడలో కొత్తగా పెట్టిన ఒక ఆసుపత్రికి వెళితే, చీటీ రాసే బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఎంత చక్కగా నవ్విందంటే, తోడు వచ్చిన మా మరిది కోడలు మురిసిపోయి, ఎంత మర్యాదైన పిల్లో అంది. నేను మాత్రం ఆ పిల్ల కళ్ళకేసి చూశాను. పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్ళు ఎక్కడో వాళ్ళింటి దగ్గర ఉన్నాయి. ఆ నవ్వు నాకు తెలుసు. అలాంటిదే ఒకటి నేనూ కొన్నాళ్ళు ముఖానికి తగిలించుకుని తిరిగాను. దానివల్ల జరిగిన సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మీరూ నా ఈడువాళ్ళే గనుక, నన్ను తిట్టుకునే ముందు కాస్త ఆలోచిస్తారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. రాయగడలో మున్సిపాలిటీ కుళాయిల పని చేసే ఆయనకు నన్నిచ్చి చేస్తే అక్కడి తెలుగు వీధికి కాపరానికి వచ్చాను. అరుగు మీది మాట, కుళాయి దగ్గర తగువు, కిరాణా కొట్టులో బేరం, ఆ వీధిలో అన్నీ తెలుగే కనుక ఒడియా నేర్చుకోవలసిన అవసరమే నాకు పడలేదు. మూడో ఏడు వానాకాలంలో, ఊరంతా జ్వరాలతో మూలుగుతున్న రోజుల్లో, ముందు పదకొండు నెలల నా కూతురు, తరువాత మూడు వారాలకు మా ఆయన, ఇద్దరూ పోయారు. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేను, లోపల ఏదో తలుపుకు గడియ పడిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు నా ముఖం చూసి జంకేవారు. మా అత్తగారైతే గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి వినబడేలా, "కంటంట సుక్క రాలేదు సూడండి దీనికి, ఇది మనిసేనా?" అనేది. కొడుకు పోయిన తల్లి, ఆవిడ బాధ ఆవిడది, నేను తప్పుపట్టను. మా మరిది మాత్రం నేను ఆ గుమ్మం దాటకపోతే బతకనని గ్రహించి, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి కోరాపుట్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా పని చూసిపెట్టాడు. దామంజోడి వైపు కొండల్లో గనుల పనులు మొదలై, రోడ్డు పొడుగునా ఎర్రదుమ్ము లేస్తున్న కాలం అది.

మా వార్డుకు పెద్ద సిస్టరమ్మ ఒడియా మనిషి, తోటి నర్సుల దగ్గర నేర్చుకున్న సగం తెలుగు మాట్లాడేది. మొదటి రోజే నన్ను చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబెట్టి, రోగి తను బతుకుతాడో లేదో డాక్టరును అడగడు, మన ముఖం చూసి తెలుసుకుంటాడు, కాబట్టి ఈ ఏడుపు ముఖం గేటు దగ్గర చెప్పులతో పాటు విడిచి రావాలి అంది. నవ్వు రాదే అన్నాను. రాకపోతే పెట్టుకోమంది. పెట్టుకున్నాను. మీరు నమ్మరు గానీ అదేమంత కష్టం కాలేదు. పొద్దున్నే గేటు దగ్గర పెదవులు సాగదీసేదాన్ని, సాయంత్రం గేటు దాటాక వదిలేసేదాన్ని. ఆ మధ్యలో జరిగేదంతా బస్సు కిటికీలోంచి దాటిపోయే ఊళ్ళలాగా చూసేదాన్ని. ఎవరు మూలుగుతున్నా, ఎవరి తల్లి నేల మీద పడి దొర్లుతున్నా నా పెదవులు నవ్వుతూనే ఉండేవి. ఇంకా ఘోరం చెప్పనా? ఈ వారం ఏ మంచం ఖాళీ అవుతుందో నాలో నేనే పందెం వేసుకునేదాన్ని, గెలిచేదాన్ని కూడా. ఇదేమీ తెలియని రోగులు నాకు హసకురీ నాని అని పేరు పెట్టారు. నవ్వులక్క అని దాని అర్థమట. వార్డులో సగంమంది మాట్లాడే కొండ ఊళ్ళ భాష దేశియా గానీ, ఒడియా గానీ నేను కావాలనే నేర్చుకోలేదు. మాట తెలిస్తే బాధ చెవిలో పడుతుంది, ఆ గొడవ నాకెందుకని.

అలా రెండు మూడు నెలలు గడిచాక వచ్చింది ఆ ముసలమ్మ. దసమంతపూర్ అవతల కొండల్లో ఎక్కడో వాళ్ళ ఊరు. ముఖం మీద పచ్చబొట్లు, మెడలో పూసల పేర్లు, చేతులు చూస్తే ఎండిన చింతకాయలు. క్షయ. కొడుకు తెచ్చి చేర్పించి, కూలి పనికి వెళ్ళే గుంపుతో ఎటో వెళ్ళిపోయాడు. మందు పడుతోంది, కడుపునిండా తింటే చాలు, నెలన్నరలో తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచి వెళుతుంది అని డాక్టరుగారు నా ముందే అన్నారు. తిండి పెట్టే పని నాది.

నేను గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని, నవ్వు ముఖంతో జావ పోసేదాన్ని. రెండు గరిటెలు, మూడు గరిటెలు తాగేది. తాగి, నా మణికట్టు పట్టుకుని, నా ముఖంలోకి చూసి, దగ్గుకు దగ్గుకు మధ్య ‘చాల... చాల...’ అనేది. సరే, చాలంటోంది కదా అని గిన్నె తీసేసేదాన్ని. మా పల్లెలో మేము ‘సాలు’ అనేవాళ్ళం, ‘చాలు’ అని స్పష్టంగా అనేది బడిపంతుళ్ళూ కరణంగారూ మాత్రమే. అందుకని ఈ కొండ ముసలమ్మ ఎంత చదువుకున్నదానిలా పలుకుతోందో అని ముచ్చటపడ్డాను కూడా! సంతల్లో తెలుగువాళ్ళతో బేరాలాడి మన మాట నేర్చుకుని ఉంటుంది అనుకున్నాను. ఆకలి లేదు, మూడు గరిటెలకే చాలంటోంది అని నేను చెబితే సిస్టరమ్మ అదే కాగితం మీద రాసింది, కాగితం చూసి డాక్టరుగారు సెలైన్ పెట్టించారు. పదకొండు రోజులు అలాగే జరిగింది. ముసలమ్మ మంచానికి అంటుకుపోయింది. అప్పటికే నేను ఆ మంచం మీద పందెం వేసేసుకున్నాను.

వార్డు తుడిచే ఆవిడ ఒకతె ఉండేది, అందరం అప్పా అని పిలిచేవాళ్ళం. వాళ్ళ తాతలు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ మున్సిపాలిటీ పనిలో స్థిరపడ్డారు. తెలుగు, ఒడియా, దేశియా మూడింట్లోనూ సమానంగా తిట్టగలదు. పన్నెండో రోజు ఆవిడ మా పక్కన నేల తుడుస్తూ, నేను గిన్నె తీసుకుని లేవబోతుంటే చీపురు కింద పారేసింది.

"ఓలమ్మీ! దానికి కడుపు నిండిందని నీకెవులు సెప్పేరే?"

"సాలంతంది కదప్పా!"

"సాలు కాదే తింగరిదానా! ఈల మాటలో చాలంటే ‘పద’ అని. నన్నింటికి తీసుకెల్లు, పద, పద అని నిన్నడగతంది. నువ్వేమో పల్లికిలించుకోని, దాని నోటికాడ గిన్ని లాక్కెల్లిపోతన్నావు!"

పక్క మంచాలవాళ్ళకి అప్ప ఆ సంగతి దేశియాలో చెప్పేసరికి, రోగాలు మరిచిపోయి అందరూ పగలబడి నవ్వారు. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. అప్పను దగ్గరకు పిలిచి ఏదో చెప్పింది. అప్ప నా వైపు తిరిగి అంది, "అడిగినపుడల్లా నవ్వేవంట. ఔనన్నావనుకుందంట. రేపు తీసుకెల్తాది, రేపు తీసుకెల్తాది అని సూసిందంట." నా చేతిలో గిన్నె కింద పెట్టేశాను. నా దొంగ నవ్వును ఒక మనిషి మాట కింద తీసుకుని, దాన్ని నమ్ముకుని, పదకొండు రోజులు అర్ధాకలితో కాచుకుని కూర్చుంది. సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ రోజు నుంచి గిన్నెడు జావా తాగించాను గానీ ఒళ్ళు తీసుకోలేదు. నాలుగో రోజున డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, ఇక లాభం లేదు, వారమో పది రోజులో అన్నారు. ఇంటికి పంపించేయండి, అదే అడుగుతోంది అన్నాను. సొంతవాళ్ళు వచ్చి సంతకం పెడితేనే పంపుతారట. కొడుకు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికి తెలుసు? మర్నాడు నేను అప్ప దగ్గర ఒక మాట నేర్చుకుని గుమాస్తా బల్ల దగ్గరకు వెళ్ళాను. ఆయన కాగితం తీసి, రోగికి ఏమవుతారు అని అడిగాడు. ఝిఅ అన్నాను, అంటే కూతుర్ని. ఆ గుమాస్తా రోజూ నన్ను చూస్తున్నవాడే. నా యాస ఆయనకు తెలుసు, ఆ ముసలమ్మ పచ్చబొట్లూ తెలుసు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తల దించుకుని రాసేశాడు. కింద నేను తెలుగులో సంతకం పెట్టాను. నా కూతురు పోయాక ‘కూతురు’ అన్న మాట, ఏ భాషలోనైనా, నా నోట రావడం అదే మొదలు.

దసమంతపూర్ సంత రోజున, అల్లం బస్తాలూ కోళ్ళ గంపలూ వేసుకుని పోయే జీపులో బయలుదేరాం. తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. ఎముకల మూట, ఎత్తితే బరువే లేదు. దారిలో జీపు ఆగినచోట ఒకామె కుండలో మాండియా పేజ్ అమ్ముతోంది, మన చోడంబలే లెండి, రాగి జావ. దొప్పలో పోయించి నోటికి అందించాను. తాగింది, మళ్ళీ పోయిస్తే మళ్ళీ తాగింది. మూడోసారి దొప్ప పెట్టబోతే అరచెయ్యి అడ్డం పెట్టి, నా కళ్ళల్లోకి కొంటెగా చూసి, "సాలు, సాలు" అంది. అచ్చం మా శ్రీకాకుళం ‘సాలు’! వార్డంతా నన్ను ఆటపట్టించిన మాట పట్టేసి దాచుకుందన్నమాట, గడుగ్గాయి ముసల్ది. నాకు నవ్వొచ్చింది. నేను పెట్టుకున్నది కాదు, అదే వచ్చింది, పొట్ట పట్టుకునేటంత. దాని వెనకే, ఆపుకుందామన్నా ఆగకుండా, ఏడుపు వచ్చింది. నా పిల్ల కోసం, మా ఆయన కోసం, ఆ పదకొండు రోజుల కోసం, ఆ కోళ్ళ గంపల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. చావబోయే మనిషి చెయ్యెత్తి నా వీపు నిమిరింది.

జీపు దిగినచోటు నుంచి వాళ్ళ ఊరివాళ్ళు నులకమంచం మీద మోసుకెళ్ళారు. తన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను బయలుదేరబోతుంటే గడ్డం పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అడుగుదామంటే అప్ప పక్కన లేదు. ఐదు రోజులకు పోయిందని తరువాతి సంతకు జీపువాడు చెప్పాడు. ఆ పదకొండు రోజులూ కడుపునిండా పెట్టి ఉంటే బతికేదా అని నేను డాక్టరుగారిని అడగలేదు. ధైర్యం చాలలేదు.

ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా అదే వార్డులో చేశాను. దేశియా పట్టుదలగా నేర్చుకున్నాను. గేటు దగ్గర పెదవులు సాగదీసే పని మళ్ళీ పడలేదు, నవ్వు దానంతటదే వచ్చేది, ముఖ్యంగా ముసలాళ్ళు నన్ను వేళాకోళం చేస్తే. కానీ ఒక నిజం చెప్పాలి. దొంగ నవ్వు ఉన్నన్నాళ్ళు నాకు హాయిగా ఉండేది. నిజం నవ్వు వచ్చాక ఖాళీ అయిన ప్రతి మంచం దగ్గరా కుమిలిపోయాను. సాయంత్రం గేటు దాటినా ఆ బాధ దిగేది కాదు, గదికి వచ్చి అన్నం సయించక పడుకున్న రోజులు ఎన్నో లెక్కలేదు. అయినా మళ్ళీ వెనక్కి పోవాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు.

ఇప్పుడు ఆ కొండ ఊళ్ళకు తారు రోడ్లు పడ్డాయి, ఫోను చేస్తే ఆసుపత్రి బండి వస్తోంది, క్షయకు మంచి మందులు వచ్చాయి. అంతా మంచికే, కాదని ఎవరంటారు? కాకపోతే, మొన్న మోకాళ్ళ కోసం వెళ్ళినప్పుడు కాగితంలో సొంతవాళ్ళ పేరు అడిగారు. మరిది కోడలు తన పేరు చెబితే, సంబంధం కాగితాల్లో సరిపోవడం లేదు, ఇంకెవరైనా ఉన్నారా అన్నారు. లేరన్నాను. కడుపున పుట్టినది ఏనాడో పోయింది. రేపు నేను మంచాన పడి ఇంటికి పోతానంటే, ఏ ఊరి పిల్లో, నా మాట తెలియని పిల్ల అయినా సరే, జాలిపడి నేను ఈవిడ కూతుర్ని అని అబద్ధం ఆడినా, తల దించుకుని రాసుకునే గుమాస్తా ఇప్పుడు లేడు, ఆధార్ కార్డు ఏదమ్మా అని అడుగుతారు.