రెండు మంచాలు, ఎంతమంది?

పరాయి రాష్ట్రంలోని బమ్రోలిలో మగ్గాల వాళ్లకు ఇంగ్లిష్ చెప్పే రోజుల్లో నాకు అన్నిటికన్నా అసహ్యం పుట్టించింది మా పుస్తకంలోని హాస్టల్ పాఠం. కిటికీకి పూల పరదా, బల్ల మీద గులాబీలు, మంచం మీద ముడత లేని దుప్పటి. థూ! దాన్ని నేను చెప్పాల్సింది ఎక్కడ కూర్చుని? మెట్ల నిండా గుట్కా ఉమ్మి, గడప పక్కనే పొంగే మోరీ, లోపల మగ్గం నూనె కంపు కొట్టే బనియన్లు వేలాడే గదిలో. ముక్కు మూసుకుని పాఠం చెప్పలేను కదా!

ఆ గదిలో పగటి షిఫ్టు వాళ్లు పనికి పోగానే రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి అవే మంచాల మీద పడుకుంటారు. దిండుకు చెమట ఆరనే ఆరదు. నా దగ్గర చదువుకునేవాళ్లలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒకతనిది ఏళ్లుగా రాత్రి షిఫ్టే. దగ్గర్లోని సచిన్ అనే ఊళ్లో ఒక మిల్లుకు పగటి సూపర్‌వైజర్ కావాలన్నారు. ఉద్యోగం వస్తే మిల్లు హాస్టల్లో సొంత మంచం. ఇంగ్లిష్ కాగితం చదివి, అడిగినదానికి జవాబు చెబితే చాలు.

"రాత్రిపూట పండుకొని ఎన్నేండ్లాయెనో మేడం. గీ ఒక్కటి జర గట్టెక్కియ్యిన్రి" అన్నాడు. పగటి నిద్ర మానుకుని మరీ నేర్చుకున్నాడు. వస్తుందనే నమ్మకం నాకూ కుదిరింది.

పరీక్షకు నేనూ వెంట వెళ్లాను. అక్కడి ఆఫీసరు చదవమన్నది కూడా హాస్టల్ గురించే. ఇతను ఎక్కడా తడబడలేదు. "గదిలో రెండు మంచాలున్నాయి కదా, ఎంతమంది ఉంటారు?" అని ఆఫీసరు హిందీలో అడిగాడు.

"నలుగురు సాబ్."

ఆఫీసరు పడీపడీ నవ్వాడు. పక్క గదిలోవాణ్ణి పిలిచి మళ్లీ చెప్పించాడు. "దిన్ మే దో, రాత్ మే దో" అంటూ, పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరని ఇతను వివరించేకొద్దీ ఇద్దరూ పొట్టలు పట్టుకున్నారు. చివరికి, చదవడం వచ్చుగాని అర్థం చేసుకోవడం రాదని తేల్చి పొమ్మన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒక్కసారి వీళ్ల గదికి వచ్చి చూడండి, మీకే అర్థమవుతుంది" అన్నాను. ఆ పెద్దమనిషి ముక్కు చిట్లించి, ఆ కంపులోకి తానెందుకు వస్తానంటూ నాకోసం చాయ్ తెమ్మని ప్యూనును కేకేశాడు. ఛీ! ఆ చాయ్ తాగితే వాంతయ్యేది. లేచి వచ్చేశాను.

తిరుగు బస్సులో ఇతను నెమ్మదిగా అడిగాడు.

"ఇద్దరే ఉంటే, వాళ్లు డ్యూటీకి పోయినంక మంచాలు ఖాలీగనే ఉంటయా మేడం?"

"ఉంటాయి."

"పొద్దంత?"

"పొద్దంతా."

"ఎవ్వలు పండరా?"

"ఎవరూ పడుకోరు."

"గట్లుంటదని నాకెట్లెరుక మేడం? ఖాలీ మంచం నేనెన్నడు సూడలే."

బమ్రోలిలో దిగేసరికి షిఫ్టు వేళయింది. గదికి కూడా వెళ్లకుండా, అటునుంచి అటే మగ్గాల దగ్గరికి పోయాడు.