ఈల ఆగిన రోజు

అరవైల్లో మాట. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మాది ముత్తుకూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు ఎద్దు తల విసిరితే ముక్కుకు దెబ్బ తగిలి, లోపల చీము పట్టింది. ముక్కు మధ్య గోడకు చిల్లు పడి, పైన దూలం కుంగిపోయింది. ఊపిరి తీస్తే సన్నగా ఈల వినపడేది. నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నాయన నన్ను మద్రాసు ఆసుపత్రికి తీసుకుపోయినాడు. చిల్లు మూయడం, ముక్కు నిలబెట్టడం ఒకే ఆపరేషన్‌లో చేస్తామనీ, లోపలి అతుకు నిలుస్తుందో లేదో చెప్పలేమనీ డాక్టరుగారు అన్నారు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు ముక్కులోని గుడ్డలు తీసినారు. భయంతో ఊపిరి బిగబట్టినాను.

"పీల్చమ్మా" అన్నారు డాక్టరుగారు.

పీల్చినాను. నాయన నా మొహం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"ఈల వస్తా ఉందా నాయనా?"

"లేదు బిడ్డా" అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "వరి మళ్లో వంగి పని చేస్తా ఉన్నప్పుడు, వెనకాల ఆ ఈల వినపడితే నా బిడ్డ అన్నం తెచ్చిందని తెలిసేది. ఇంకమీదట నువ్వు నోరు తెరిచి పిలవాల."

ముక్కు చూసుకోమని నర్సు ఇచ్చిన అద్దం చేతిలోనే ఉండిపోయింది. నేను అసహ్యించుకున్న ఆ శబ్దాన్ని నాయన ఇన్నేళ్లూ ప్రేమగా వింటున్నాడని ఆ రోజే తెలిసింది.