ఎండుటాకుల నడుమ తెల్ల చొక్కా

మెట్రోల చైతన్యపురి దాటుతుంటే మా ఆయన ఫోన్ చేసిండు. "నాన్న వెళ్ళిపోయారే," అన్నడు. చుట్టూ పిల్లలు కోచింగ్ పుస్తకాలు పట్టుకొని నవ్వుకుంటున్నరు. దిల్‌సుఖ్‌నగర్‌ల దిగి, ఆఫీసుకు పోకుండ, అవతలి ప్లాట్‌ఫాం మీదికి ఉరికి మళ్ల ఎల్బీ నగర్ బండెక్కిన. పొద్దుగాల చాయ తాగుకుంట "ఆదివారం ఆట ఉందా అమ్మాయ్?" అని అడిగిన మనిషి. ఉందన్న.

ఆయన మా మామయ్య, మా ఆయన నాన్న. మా అమ్మోళ్లది మీర్‌పేట్. మా అత్తగారోళ్లు ఎన్నడో కోస్తా దిక్కు నుంచి ఒచ్చి ఎల్బీ నగర్‌ల ఇల్లు కట్టుకున్నోళ్లు. మామయ్య జూనియర్ కాలేజీల బాటనీ చెప్పి రిటైరైన్రు. సంతాపానికి ఒచ్చినోళ్లంత ఆయన పాఠం గురించే మాట్లాడిన్రు. ఆయన నన్ను అడవిల ఎట్ల దాచిన్రో ఎవ్వరికి తెల్వదు, గందుకే రాస్తున్న.

నేను ఎయిర్‌సాఫ్ట్ ఆడుత. తెల్వనోళ్లకు చెప్త: చిన్న ప్లాస్టిక్ గుండ్లు కొట్టే తుపాకులతోని ఆడే యుద్ధం ఆట. గుండు తగిలితే "హిట్" అని చెయ్యెత్తి బయటికి ఒచ్చెయ్యాలె. అండ్ల నేను స్నైపర్‌ని. అంటే దాక్కొని, కదలకుండ పండుకొని, దూరం నుంచి ఒక్కటే గుండు కొట్టేదాన్ని. కోచింగ్ సెంటర్ల అడ్మిషన్ల కాడ కూసొని దినమంత తల్లిదండ్రులతోని నోరు నొప్పి పెట్టేదాక మాట్లాడుత. వారానికి ఒక్క పూటన్న ఎవ్వరు నన్ను చూడొద్దు, ఏం అడగొద్దు. నాకు గా ఆట గందుకే పానం.

గని ఊకె దొరికిపోతుంటి. తుర్కయంజాల్ దాటినంక ఒక తోటల ఆడుతం. టేకు, వేప, మోదుగ, అన్నీ దూరం దూరం ఉంటయ్. నేనేమో ముదురు పచ్చ డ్రెస్ కొనుక్కున్న. అడవంటే పచ్చగనే ఉంటది కదా! ఒకసారి మామయ్య తోడొచ్చిన్రు. నన్ను చెట్టు కింద పండుకోమని, ఫోన్ల ఫోటో తీసి, రంగులన్నీ తీసేసి చూపిచ్చిన్రు. ఎండుటాకుల మీద బొగ్గు మూట పడేసినట్టు ఉన్న.

"అడవి పచ్చగా ఉంటుందని ఎవరు చెప్పారమ్మా నీకు? పైకి కాదు, కిందకి చూడు," అన్నరు.

కిందంత ఎండిన టేకాకు, ఎర్రమట్టి, నడుమ నడుమ ఎండ మచ్చలు. గా మచ్చలే అసలు సంగతి అన్నరు. పల్చటి అడవిల నీడకంటె ఎలుగే ఎక్కువ, ముదురు రంగు ఏస్కుంటె నువ్వే నీడైపోతవు. ఇద్దరం కూసొని లేత గోధుమరంగు డ్రెస్ ఏరినం, అక్కడక్కడ మాసిన పచ్చ ఉన్నది. తలకు, భుజాలకు జనపనార పీలికలు కుట్టినం. "మనిషిని పట్టించేది రంగు కాదమ్మాయ్, మెడా భుజాలూ," అనేటోళ్లు. ఒకసారి టేకాకు బోర్లేసి గుచ్చుకుంటె చెయ్యి మీద సప్పున కొట్టిన్రు. "అడుగు తెల్లగా ఉంటుంది! చెట్టున ఆకు ఎప్పుడైనా అలా బోర్లా ఉంటుందా?" నాకు మండింది. నేనేమన్న మీ ఇంటర్ పిల్లనా అన్న. "వాళ్ళే నయం," అన్నరు.

ఇంత చెప్పే మనిషి తను మాత్రం తెల్ల చొక్కా ఏస్కొనే ఒచ్చేటోళ్లు. గుండ్లు తగలకుండ కట్టిన వల అవతల వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ ఏస్కొని కూసునేటోళ్లు. ఇదేంది మామయ్య అంటే, "దాక్కునేది నువ్వు. నేనెక్కడున్నానో నీకు తెలియాలిగా," అన్నరు.

ఒక ఆదివారం పొద్దుగాలనే మా కెప్టెన్ ఫోన్ చేసి ఖరాఖండిగ చెప్పేసిండు. "అక్కా, ఇయ్యాల గిట్ల దొరికినవంటె స్నైపర్ జాగ వేరేటోళ్లకు ఇస్త. పరేషాన్ కాకు, ముందట ఉరికే టీంల ఆడుదువు." పరేషాన్ కాకు అంట! ఫోన్ పెట్టి సంచి తెరిచి చూస్తె, డ్రెస్ అట్టముక్కోలె ఉంది. మడత నలగకుండ ఇస్త్రీ గూడ ఉంది. మా అత్తమ్మ పని.

"బొత్తిగా వేలాడిపోతోందని కాస్త గంజి పెట్టానే," అన్నది పాపం, ముచ్చటగ.

అడుగేస్తె అప్పడం ఇరిగినట్టు చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. తోటకు పోంగనే మామయ్య బోరు కాడ బకెట్ల ఎర్రమట్టి కలిపి, డ్రెస్ ముంచి, రెండు చేతులతోని పిసికిన్రు. తడిదే ఏస్కున్న.

ఆట మొదలైంది. నా పక్కన బాట, బాట చివర మేము కాపాడే జెండా. మోదుగ పొద పక్కన ఆకుల్ల పండుకున్న. చీమలు మెడ మీదికెక్కినయ్. కదల్లే. మావోళ్లు ఒక్కొక్కరె హిట్ అనుకుంట పోతున్నరు. చివరికి అటు ఒక్కడు, ఇటు నేను. వాడు మెల్లగ ఒచ్చి సరిగ్గ నా పక్కన ఆగిండు. వాని బూటు నా మోచేతికి తగిలేంత దగ్గర. ఊపిరి బిగపట్టిన. వాడు చుట్టూ చూస్తుండు, కింద తప్ప అంతట చూస్తుండు. వాడు రెండడుగులు ముందటికి ఏస్తె చాలు, ఎనకకెళ్లి కొట్టొచ్చు. నా జాగ నాకుంటది.

గప్పుడు కండ్లు వేపచెట్టు దిక్కు పోయినయ్. కుర్చీ ఉంది. తెల్లది లేదు.

నీళ్లకు పోయిన్రేమో అనుకున్న. చెట్టెనక ఉన్నరేమో అనుకున్న. మళ్ల చూసిన. కుర్చీ పక్కన గడ్డిల తెల్లగ ఇంత ముక్క, నేల మీద. ఆయన చొక్కా నేల మీద ఎందుకుంటది?

లేసిన. హిట్ అని అరుసుకుంట ఉరికిన. పక్కనోడు "అమ్మో!" అని ఎగిరి కిందపడ్డడు, పొద లేచి ఉరికిందనుకున్నడంట.

మామయ్య చెట్టుకానుకొని కింద కూసున్నరు. మొకమంత చెమట. నన్ను చూసి ముందుగాల తిట్టిన్రు. "లేచావెందుకే! చెప్పులో ముల్లు దిగితే తీసుకుంటున్నా." చెయ్యి పట్టుకుంటె మంచు లెక్క సల్లగ ఉంది. ముల్లు లేదు, ఏం లేదు. మట్టి డ్రెస్ మీదనే ఆయన్ని కార్ల ఏస్కొని దవాఖానకు పోయిన. ఇంకా ఆలస్యం చేస్తె గుండె ఆగిపోయేదన్నడు డాక్టర్.

కెప్టెన్ అక్కడికే ఒచ్చిండు. ఆట ఓడిపోయినం, ఏమన్న అంటడనుకున్న. "వాడు నీ మీద కాలు పెట్టేటోడు అక్కా, అయినా నువ్వు కనపడలే. జాగ నీదే," అన్నడు. లోపట మంచం మీద మామయ్యకు చెప్తె, "మరి బోర్లేసిన ఆకు ఒక్కటైనా ఉందా?" అని అడిగిన్రు. లేదన్న. కండ్లు మూసుకొని నవ్విన్రు.

గా తర్వాత ఆయన మళ్ల ఎన్నో ఆదివారాలు ఒచ్చిన్రు. తెల్ల చొక్కాలనే. నా వల్ల నీ ఆట పోయిందని సణిగేటోళ్లు, నేను గయ్యిమనేదాన్ని. గా ఓడిన ఆటే మాకు ఇన్ని ఆదివారాలు ఇచ్చింది. ఈసారి ఆయన ఇంట్ల కుర్చీల పేపర్ చదువుకుంట పోయిన్రు. నేను మెట్రోల ఉన్న.

కర్మలైనంక అత్తమ్మనే డ్రెస్ తెచ్చి చేతిల పెట్టింది. "వెళ్ళు. ఉత్త నీళ్ళలోనే జాడించా, గంజి పెట్టలేదులే," అన్నది. ఇద్దరం గుమ్మంలనే ఏడ్చినం.

మొన్న ఆదివారం గదే మోదుగ పొద పక్కన పండుకున్న. ఆకులు సరిగ్గనే గుచ్చుకున్న. ఒకడు దగ్గరికొచ్చి, ఆగి, చూసి, పోయిండు. వాన్ని కొట్టిన. గెలిచినం. వేపచెట్టు కింద కుర్చీ ఎవరో అలవాటుగ ఏసిపెట్టిన్రు. విజిల్ కొట్టినంక గూడ నేను లేవలే. మెడ మీద చీమలు పాకుతున్నయ్. రెండు వేపాకులు రాలి గా కుర్చీల పడినయ్, నేను ఆకుల్లకెళ్లి దాన్నే చూసుకుంట పండుకున్న.