అక్కకు పట్టిన చెమట

ఒక చోట కుదురుగా కూర్చోలేను, అది నా పుట్టుబుద్ధి. గుడ్ ఫ్రైడే ఆరాధనలో కూడా అంతే. కొల్లేరు ఒడ్డున మా ఊరి చర్చిలో ఆడవాళ్ళమంతా తెల్ల చీరలు కట్టుకుని చాపల మీద కూర్చున్నాం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. అవన్నీ అయ్యేదాకా మా వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. నేను మాత్రం ఎవరెవరు కునుకుతున్నారో చూస్తూ కాలక్షేపం చేస్తున్నాను.

అలా చూస్తుంటేనే పక్కనున్న అక్క మీద చూపు ఆగింది. బడిలో పంతులమ్మ, పాట అందుకుంటే వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ రోజు పెదాలు కదుపుతోందే గానీ గొంతు రావడం లేదు. ఫ్యాను నేరుగా మా మీదే తిరుగుతున్నా జాకెట్టు వీపంతా తడిసిపోయింది. చేత్తో దవడ నొక్కుకుంటోంది.

"ఏంటక్కా?"

"పన్ను సలుపుతోందే. నువ్వు ఊరుకో."

"మరి ఆ చెమటేంటి?"

"ఉపవాసం కదా, నీరసం."

వెనకాల కూర్చున్న మా పిన్ని కూడా వంత పాడింది. "నలభై రోజుల్నించి ఒంటిపూట తింటోంది కదమ్మా, ఖాళీ కడుపులో గ్యాస్ పట్టేసుంటుంది. అయిపోవచ్చిందిలే, మజ్జిగ తాగితే సర్దుకుంటుంది."

అన్నింటికీ అదే జవాబు. శ్రమదినాల్లో, అంటే ఈ నలభై రోజుల ఉపవాసాల్లో, మా ఊళ్ళో ఎవరైనా కళ్ళు తిరిగి తూలితే కంగారు పడరు, మెచ్చుకుంటారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆకలికి నీరసం వస్తుంది, దవడ ఎందుకు లాగుతుంది? ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని అలా పిసుక్కోవడం ఎందుకు? అయిదో మాట నడుస్తుండగా లేచి, అక్క రెక్క పట్టుకుని లేపాను. పాస్టరుగారు ప్రసంగం ఆపేశారు. అందరూ మా వైపే చూశారు.

"పరువు తీస్తున్నావే," అంది అక్క. ఆ రెండు మాటలకే ఆయాసపడింది.

బావగారు కారు తీశారు. ఏలూరు వెళ్ళాలంటే చేపల చెరువుల మధ్య సన్నటి రోడ్డు. ముందు ఒక చేపల లారీ, ఐసు నీళ్ళు కార్చుకుంటూ, ఎంత హారన్ కొట్టినా తప్పుకోకుండా. కిటికీలోంచి తల బయటపెట్టి ఆ డ్రైవర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క పోతుందేమోనని భయం. ఆ భయమంతా అతని మీద వెళ్ళగక్కాను.

ఆసుపత్రిలో గుండెపోటేనన్నారు. వెంటనే లోపలికి తీసుకెళ్ళి స్టెంట్ వేశారు. బతికింది.

మర్నాడు డాక్టరుగారు వచ్చి అడిగారు. "ముందెప్పుడైనా నొప్పి వచ్చిందామ్మా?"

"మొన్న మట్టల ఆదివారం నుంచి వస్తూ పోతూ ఉందండీ. గుండెల మీద బండ పెట్టినట్టు."

"మరి ఎవరికీ చెప్పలేదేమ్మా?"

అక్క నా వైపు చూడలేదు. "ప్రభువు అంత బాధ పడ్డాడు, నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా అనుకున్నానండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. డాక్టరుగారు వెళ్ళేదాకా కూడా ఆగలేకపోయాను.

"ఆ బాధ ఆయన మన కోసం పడ్డాడనేగా అక్కా ఏటేటా పాడతావు? మళ్ళీ నువ్వెందుకు పడటం?"