ఇరవై వేలు

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబుకు ‘ప్లాస్మా డయాగ్నస్టిక్స్’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, గుంటూరు వీధుల్లో ఎప్పుడూ తిరిగి ఉండడు. ఇక్కడ డయాగ్నస్టిక్స్ అంటే ఒకటే అర్థం: సూది, దూది, రక్తం. అది చాలదన్నట్టు కాలేజీ వాళ్లు ప్రత్తిపాడు రోడ్డు మీద గేటు పక్కనే ఆ బోర్డు కట్టించారు, ఆటోలో పోయేవాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో. ఇక చూడండి నా పాట్లు. పొద్దున్నే పరగడుపున షుగర్ టెస్టుకు వచ్చేవాళ్లు, సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు. “ఇక్కడ రక్తం చూడమండీ” అంటే, “పోనీ మూత్రం చూస్తారా?” అని అడిగిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. ప్రిన్సిపాల్ గారితో చెబితే “మార్పిద్దాం లెండి” అనేవారు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

నేను చూసే ప్లాస్మా వేరు. గాజు గొట్టంలోంచి గాలిని పంపుతో లాగేసి, మిగిలిన కాస్త వాయువులోకి కరెంటు పంపితే అది వంకాయ రంగులో వెలుగుతుంది. ఆ వెలుగే ప్లాస్మా. అందులోకి సన్నటి తీగ దూర్చి, వోల్టేజీ పెంచుతూ ఎంత కరెంటు వస్తోందో చూస్తే లోపలి ఎలక్ట్రాన్లు ఎంత వేడిగా ఉన్నాయో తేలుతుంది. చెప్పడానికి ఇంతే. మిరపకాయల రోజుల్లో కిటికీ సందుల్లోంచి ఘాటు, పత్తి రోజుల్లో దూది నూగు. పంపు మొరాయిస్తుంది, తీగకు మసి పడుతుంది, అన్నీ కుదిరాక కరెంటు పోతుంది.

ఆ రోజు, పత్తి తీతల కాలంలో, చాలా కాలానికి వెలుగు నిలకడగా నిలిచింది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. అద్దంలోంచి చూస్తే పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, చేతిలో చీటీ, చిన్న రక్తం సీసా. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో షుగర్ కేసు అనుకుని, “కాసేపు కూర్చోండి బాబాయ్, వస్తున్నా!” అని లోపలి నుంచే కేక వేశాను.

ఎలక్ట్రాన్ల వేడి లెక్క తేలింది. సంతోషం పట్టలేక మా పీహెచ్‌డీ గైడు గారికి ఫోన్ చేసి అరిచాను.

“ఇరవై వేలు సార్! ఎంత చూసినా ఇరవై వేలకు తగ్గటం లేదు!”

బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీ. పెద్దాయన గేటు వైపు గబగబా పోతున్నాడు. పిలిస్తే వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

“అంత మేం తేలేమమ్మా. మా ఇంటిదాన్ని పత్తి చేలో రక్తపింజరి కరిచింది. విరుగుడు ఎక్కించారు గానీ రక్తం గడ్డకట్టటం లేదంట. ప్లాస్మా పట్రమ్మని తరిమారు. ఆటో అబ్బాయి బోర్డు చూసి ఇక్కడ దించాడు. ఇరవై వేలకి తగ్గనంటున్నారుగా, ఇంకోచోట అడుగుతా.”

“అయ్యో, అది ఫీజు కాదు బాబాయ్! వేడి!”

“ఇరవై వేల జొరమా! ఎవరికి తల్లీ?”

ఏం చెప్పను, నా తలకాయ! అక్కడ ఆవిడ ప్రాణం పోతోంటే ఈయన నా బెంచీ మీద కూర్చుని ఎలక్ట్రాన్లకు బేరమాడలేక వెనక్కి పోతున్నాడు. లోపలికి పరిగెత్తి అన్నీ ఆపేసి, స్కూటీ తీసి ఎక్కించుకున్నాను. మీకు కావలసింది రక్తంలో ఉండే పసుపుపచ్చ నీరని, నాది ఉత్త వెలుగని, నేను డాక్టర్ని కాదని బ్లడ్ బ్యాంకు దాకా గొంతు చించుకుని చెప్పాను. “అట్నా అమ్మా, అట్నా” అంటూ ఊకొట్టాడు. వాళ్లు మంచులా గడ్డకట్టిన ప్లాస్మా సంచులను కరిగించి ఇచ్చేదాకా ఆయనకన్నా నేనే ఎక్కువ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆయన్ను ఆసుపత్రిలో దించి, తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. అక్కడ నేను వేసిన కేకలకు గేటు దగ్గర బోర్డు మర్నాటికల్లా దిగింది.

కొన్నాళ్లకు మళ్లీ తలుపు చప్పుడైంది. ఆయనే. వెనక, మడమకు కట్టుతో, ఆయన భుజం పట్టుకుని ఒకావిడ. బతికింది!

“ఈవిడేనే, ప్లాస్మా డాక్టరమ్మ,” అన్నాడు భార్యతో. నా వైపు తిరిగి, “ఒకసారి చూడండమ్మా, రక్తం బాగుందో లేదో. మీరు చెబితే గానీ దీనికి ధైర్యం రాదంట.”

దారి పొడవునా చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరు! డాక్టర్ని కాదని మళ్లీ మొదలుపెట్టబోయాను. అప్పటికే ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, నా ముందుకు చెయ్యి చాపి, సూదికి భయపడి మొహం పక్కకు తిప్పుకుంది. పత్తికాయలు గీరిన ఆ మణికట్టు పట్టుకుని నాడి చూశాను.

“బాగుందమ్మా,” అన్నాను.