మా అమ్మాయి తూకం, నా గ్లూకోజు నీళ్ళు

ఆ రోజుల్లో నాకు మనుషుల మాట కన్నా మా కొట్లోని ఎలక్ట్రానిక్ కాటా మీదే నమ్మకం ఎక్కువ. సముద్రం మధ్య మా దీవుల్లో, డిగ్లీపూర్ బజారులో నాన్న పెట్టిన కిరాణా కొట్టు అప్పుడే, నా పాతికో ఏట, చేతికొచ్చింది. తూకంలో నన్నెవరూ మోసం చెయ్యలేరన్న గర్వం నెత్తికెక్కింది. (గర్వపడడానికి ఇంకేమీ లేనివాళ్ళకి ఇలాంటివే దొరుకుతాయి.) అందుకే అమ్మాయి పుట్టి మూడో రోజున ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే, పిల్లని తువ్వాలులో చుట్టి తిన్నగా కొట్లోకి తీసుకెళ్ళి కాటా మీద పడుకోబెట్టాను. ఆసుపత్రి చీటీలో రెండు కిలోల తొమ్మిది వందలు. మా కాటాలో, తువ్వాలు బరువు తీసేస్తే, రెండు కిలోల ఏడు వందలు. ఉల్లిపాయలకొచ్చిన ఒకావిడ, "పిల్లని కూడా తూచి ఇస్తారేటి భయ్యా?" అంది. నేను నవ్వలేదు.

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకెళ్ళి మా ఆవిడతో, "నీ పాలు చాలట్లేదు," అన్నాను. కాన్పై మూడు రోజులైన మనిషితో, సరుకులో తరుగొచ్చినప్పుడు గుమాస్తాతో మాట్లాడే గొంతుతో. నేను కొట్లోంచి గ్లూకోజు డబ్బా తెచ్చి, నీళ్ళలో కలిపి చెంచాతో పట్టడం మొదలుపెట్టాను. పట్టగానే తూచేవాణ్ణి. అంకె పెరిగేది. (తాగించిన నీళ్ళే తూగుతున్నాయని, పొట్లాలు కట్టి బతికేవాడికి తట్టకపోవడం ఎంత విడ్డూరమో చూడండి.) కడుపు నిండిన పిల్ల పాలకి నోరు తెరవక, ఊరికే నిద్రపోయేది. మర్నాడు మా ఆవిడ, "ఏవండీ, కళ్ళు పచ్చగా అనిపిస్తన్నాయి, ఒకపాలి చూడండి," అంది. "ముందు వజన్ పెరగనీ," అన్నాను. చూడలేదు. ఇప్పటికీ ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఐదో రోజు పొద్దున్న, ఇళ్ళకి తిరిగి బాలింతల్ని చూసే నర్సు దీదీ వచ్చింది (ఈ దీవుల్లో పుట్టిన తెలుగావిడే). పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఛాతీ మీదా పొట్ట మీదా వేలితో నొక్కి చూసింది. మంచం పక్కనున్న గ్లూకోజు డబ్బా, చెంచా కూడా చూసింది. నేను కాటా అంకెలు చెప్పబోయాను.

"అది పక్కనెట్టండి భయ్యా. పుట్టిన పిల్లలకి మొదట్లో వజన్ కొంచెం తగ్గద్ది, మళ్ళీ వచ్చేస్తది. పీలియా, అదే కామెర్లు, పొట్ట దాకా దిగింది, చూడండి. పాలు తాగితేనే కదా ఆ పచ్చదనం బయటికి పోయేది. ఈ గ్లూకోజు ఎవరు పట్టారు?"

మా ఆవిడ నా వైపు చూడకుండా, "నేనే దీదీ, తెలీక పట్టాను," అంది. దీదీ కాసేపు ఆగి, ఆవిడకి చీవాట్లు పెట్టింది. నేను గోడకి ఆనుకుని అన్నీ విన్నాను.

పిల్ల రెండు రోజులు ఆసుపత్రిలో కళ్ళకి గంతలతో నీలం లైటు కింద పడుకుంది. మా ఆవిడ రెండు గంటలకోసారి లేపి పాలిచ్చింది. ఆ పాలే సరిపోయాయి, కామెర్లు తగ్గాయి.

ఇప్పుడు అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న బజారులో, రిటైరైన దీదీ కనిపిస్తే ఆపి మరీ చెప్పాను, ఆ గ్లూకోజు పట్టింది నేనని.

"తెలుసు భయ్యా," అంది. "బాలింత మంచం దిగి కొట్లోకెళ్ళి డబ్బా తెచ్చుకుంటదేటి? మీరు చెప్తారేమోనని ఆ రోజు కాసేపు ఆగాను కూడా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఏం చెయ్యను, ఆ పాతికేళ్ళ తెలివైనవాడి తరఫున సిగ్గుపడడానికి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.